సవతి పేరు ఫుల్వియా

బూట్లు విప్పక్కర్లేదండీ ఇంజినీరు గారూ. ఆయన చెప్పే ఉంటాడు మీకు, బూట్లతో ఎక్కకూడదని. చర్చిలోకి అందరం బూట్లతోనే పోతాం, పాదిరీ గారు ఏమీ అనరు. ఈవిడలోకి మాత్రం మేజోళ్ళతోనే ఎక్కాలి. పర్లేదు, ఉంచుకోండి. ఆయన ఇప్పుడప్పుడే రాడు. బిస్కెట్లకి పంపించాను. మా కసాలే దాకా వచ్చి క్రుమీరి బిస్కెట్లు తినకుండా పోతే మా ఊరికే అవమానం కదా. ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయనుకోండి. ఆ సంగతి ఆయనకి తెలీదు.

నేనా? ఒత్తావియాని. ఎవాజియో పెళ్ళాన్ని. అంటే, మొదటి పెళ్ళాన్ని. రెండో ఆవిడ మీ ఎదురుగా నిలబడి ఉంది చూడండి, ముదురు నీలం రంగులో, కళ్ళు ఇంతింత చేసుకుని.

లాన్సియా ఫుల్వియా. కూపే కారు. పంతొమ్మిది వందల అరవై ఏడు. వయసులో నాకంటే చిన్నదే, అది కూడా చెప్పాలా? ఆ కంపెనీ వాళ్ళయినా, ఏ నెంబరో పెట్టకుండా ఆడదాని పేరు పెట్టారేంటండీ? నెంబరు మీద ఎవరైనా కుళ్ళుకుంటారా? ఫుల్వియా అంట. ఆయన నిద్రలో ఆ పేరు పలవరిస్తే పక్కన పడుకున్నదానికి ఎలా ఉంటుందో వాళ్ళు ఆలోచించొద్దూ?

ఆ, జేబులోనా? ఏం లేదండీ. ఉల్లిపాయ. వంట మధ్యలో లేచి వచ్చాను. మీ తనిఖీ మీరు కానివ్వండి, నా మానాన నేను మాట్లాడుతుంటాను. ఇంట్లో కూడా అంతే, అలవాటే.

అసలు ఈ పెళ్ళిచూపులు ఎక్కడయ్యాయో చెప్పాడా మీకు? చెప్పడు. కోళ్ళగూట్లో. కొండ మీద ద్రాక్షతోట ముసలాయన ఒకడున్నాడు, ఆయన దొడ్లో ఈ మహారాణి ఏళ్ళ తరబడి పడి ఉంది. అద్దాల్లేవు. చక్రాల్లేవు. వెనక సీటు మీద ఒక కోడి పొదుగుతోంది. మా ఆయన అది చూసి, ఒత్తావియా, ఎంత అందంగా ఉందో చూడు అన్నాడు. నేను కోడి గురించి అనుకున్నాను.

ముసలాయన ఘటికుడు లెండి. పిల్లలు బయటికొచ్చేదాకా కారు కదిలించడానికి వీల్లేదన్నాడు. సరే, మరి మావాడేం చేశాడు? ప్రతి ఆదివారం మొక్కజొన్న నూక పట్టుకుని కోడిని పలకరించడానికి కొండెక్కాడు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రికి అన్నిసార్లు రాలేదండీ ఆయన. పిల్లలు లేచాయని కబురొస్తే నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, అన్నీ కులాసాగా ఉన్నాయి అని.

డబ్బు సంగతి అడక్కండి. నా వంటిల్లు కొత్తగా చేయిస్తానని దాచింది. అదిగో, మీరు చెయ్యి వేశారే, ఆ బానెట్టు నా గ్యాసు పొయ్యి. ఆ తలుపులు నా అలమరలు. చేతికి నునుపుగా తగులుతున్నాయా? తగలాలి మరి.

లారీ మీద తెచ్చి దింపిన రోజున వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. ఎదురింటి దెల్ఫీనా పైనుంచి అడిగింది, తుక్కు వ్యాపారం పెట్టారా ఒత్తావియా అని. తుక్కంటే తుక్కేనండీ. లోపల కూర్చుని కిందకి చూస్తే రోడ్డు కనపడేది. కోడి ఈకలు ఎన్ని నెలలు వచ్చాయో. ఒకసారి గాలి గొట్టం విప్పితే అందులో గుడ్డు ఉంది. అదైనా ఆమ్లెట్‌కి పనికొస్తుందా అంటే, దాన్ని తాకొద్దన్నాడు, చరిత్ర అట.

ఇంక అక్కడినుంచి నా సంసారం చూడాలి మీరు. కార్బ్యురేటర్లు నా పాస్తా గిన్నెలో ఉడికాయి. అవి దించి, అదే గిన్నెలో ఆదివారం మాంసం కూరిన అన్యొలొత్తి వండమన్నాడు. బాగా కడిగాను కదా, ఇంకేంటి అని. భోజనాల దగ్గర కబుర్లన్నీ ఆవిడవే. ఆవిడకి పొద్దున్నే దగ్గొస్తోందట. ఆవిడకి ఎడమ పక్క కాస్త నలతగా ఉందట. నాకు ఆ చలికాలమంతా మోకాలు నొప్పి, ఎవరికైనా గుర్తుందా?

రంగు గురించయితే పెయింటరుతో మాటలు మానేశాడు. వాడు వేసిన నీలం నీలం కాదట. నాకయితే పక్కపక్కన పెట్టి చూపించిన రెండు రంగు రేకులూ ఒక్కలాగే కనపడ్డాయి. ఆ ముక్క అన్నందుకు నాతో కూడా రెండు రోజులు మాటల్లేవు. ఆ రెండు రోజులు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

నవ్వండి, నవ్వండి. ఈవిడ ఒంటి మీద ఉన్న స్క్రూలన్నీ వెనిగర్లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమింది ఎవరనుకున్నారు? కొత్తవి కొనుక్కోవచ్చు కదయ్యా, కిలో లెక్కన అమ్ముతారు అన్నాను. ఆయన చూసిన చూపు ఉందే, పోప్ గారిని తిట్టినా అలా చూసేవాడు కాదు. అప్పటి స్క్రూ తల మీద ఒకటే గీతట. ప్లస్ గుర్తుది ఒక్కటి కనపడినా ఇంజినీరు గారు కొట్టేస్తారు, అన్నీ అసలువేనని పాత కార్లకిచ్చే బిళ్ళ రాదు, మళ్ళీ వచ్చే వసంతం దాకా ఆగాలి అన్నాడు. అంటే మీరన్నమాట. మీ గురించి మా ఇంట్లో యముడి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటామండీ. చూస్తే మంచివారిలాగే ఉన్నారు.

ఆ వంటింటి బల్ల మీద కూర్చుని తోమీ తోమీ నాకు వాటి మొహాలు గుర్తుండిపోయాయి. నిజమండీ. ఒక్కోదానిది ఒక్కో గాటు.

ఇంజిన్ మొదటిసారి పలికిన రోజు ఏడ్చాడు. మా పెళ్ళిలో ఏడవలేదు. అప్పుడు ఏడవాల్సిన కారణం ఇంకా తెలిసి ఉండదు లెండి. ఆ సాయంత్రం నన్ను ఎక్కించుకుని పో నది వంతెన దాకా తీసుకెళ్ళాడు. ముందు సీటు మీద పేపరు పరిచాడు. నా మీద అంత నమ్మకం. వంతెన దగ్గర ఎక్కడో ఒక మబ్బు తునక కనపడింది, అంతే, బండి వెనక్కి తిప్పేశాడు. వానలో తిప్పకూడదు. ఎండలో రంగు పోతుంది. చలిలో ఆవిడకి పడదు. ఇంక ఎప్పుడు తిప్పాలో ఆ పైవాడే చెప్పాలి.

అయిపోయిందా? అప్పుడే? అంతా బావుందనే రాసుంటారు. ఉంటుంది. బావుండక ఏం చేస్తుంది.

ఇంజినీరు గారూ, ఆ పెన్ను ఒక్క నిమిషం పక్కన పెడతారా?

ఫెయిల్ చెయ్యండి.

అవునండీ, సరిగ్గానే విన్నారు. బాలేదని రాయండి. లంచం ఇచ్చి పాస్ చెయ్యమనేవాళ్ళు ఉంటారు, నేను ఆ రకం కాదు. నేను ఫెయిల్ చెయ్యమంటున్నాను, ఉచితంగా.

కుళ్ళు కాదండీ. కుళ్ళే అయితే ఏనాడో గొడ్డలి పట్టుకుని వచ్చేదాన్ని, కొట్టంలోనే ఉంది. వినండి ముందు.

ఆయన ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, ఉద్యోగమంతా అక్కడే. రిటైరైన రోజు కేకు కోశారు, గడియారం ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే లేచి, వంటింట్లో కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. పైజామాలో. అవతల ఏముంది? దెల్ఫీనా వాళ్ళ గోడ. ఆ గోడ చూస్తూ కూర్చున్నాడు. మర్నాడూ అంతే. చలికాలం వచ్చి పోయింది, ఆ కుర్చీ తిరగలేదు. డాక్టరు మాత్రలిచ్చాడు. అవి వేసుకుని గోడ చూశాడు.

ఏమీ అనేవాడు కాదండీ. అదీ నా బాధ. ఒకరోజు కావాలనే సూపులో ఉప్పు వెయ్యలేదు. తాగేశాడు. మర్నాడు రెండింతలు వేశాను. అదీ తాగేశాడు. నలభై ఏళ్ళు నా వంటకి వంకలు పెట్టిన మనిషి. నేను స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. పక్కనే ఉన్న మనిషి కోసం బెంగపెట్టుకోవడం ఎప్పుడైనా చూశారా మీరు?

తరవాత ఈ కోళ్ళ కారు దొరికింది. వారం తిరక్కుండానే సూపు చప్పగా ఉందన్నాడు. నేను వంటింట్లోకి పోయి శిలువ గుర్తు వేసుకున్నాను.

అందుకే పాస్తా గిన్నె ఇచ్చాను. అందుకే వెనిగర్లో వేళ్ళు నానబెట్టుకున్నాను. నాకేమైనా ఈ డబ్బా మీద ప్రేమా? అరుస్తాడు, బూతులు తిడతాడు, పాదొవాలో పాత కార్ల సంతకి పోయి తుప్పు ముక్క పట్టుకుని పిల్లాడిలా గెంతుకుంటూ వస్తాడు. వచ్చి నాతోనే పోట్లాడతాడు. అది చాలు నాకు.

ఇప్పుడేమో పని అయిపోవచ్చింది. మొన్న అన్నాడు, ఇంజినీరు గారొచ్చి బిళ్ళ ఇస్తే ఇంక నా పని అయిపోయినట్టే ఒత్తావియా, దుప్పటి కప్పేద్దాం అని. ఎంత మెల్లగా అన్నాడో. నిన్న పొద్దున నేను లేచేసరికి ఆ కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉందండీ.

నాకు భయమేసింది. ఇంకెలా చెప్పను, భయమేసింది.

ఉల్లిపాయ కాదిది. ఇదిగో. అవును, గేరు రాడ్డు మీది గుండు. అసలుది, అరవై ఏడుదే. ఇందాక ఆయన మీ కోసం తాళం తీసి పెట్టాక, బిస్కెట్లకి తరిమి నేనే తిప్పి తీశాను. ఇప్పుడున్నది విడిభాగాల పెట్టెలోది, తర్వాత వచ్చిన బళ్ళదట. మీరు కనిపెడతారనుకున్నాను. మీరేమో దాన్ని పట్టుకుని గేర్లు మార్చి చూసి కూడా ఊరుకున్నారు. ఏం చదువులండీ మీవి.

ఏంటి? కనిపెట్టారా? మరి చెప్పరే?

అదొక్కటే కాదా? అప్పటికే వేరే తప్పు రాసేశారా? ఏం తప్పండీ, తప్పే లేదు దీంట్లో, నేను పెట్టింది తప్ప. ఎక్కడ? బానెట్టు ఎత్తండి, చూస్తాను. టార్చి ఇలా ఇవ్వండి.

ఈ పట్టీయా? బ్యాటరీ పక్కన వైర్లు పట్టుకునేది? ఇదెందుకు బావోదు, దీని స్క్రూలు నేనే...

ప్లస్ గుర్తువి.

ఇవి కావండీ. మావి కావు ఇవి. దీనికున్నవి నేను తోమినవే, ఒకదాని తల మీద చంద్రవంకలా గాటు ఉంటుంది. ఆదివారం కూడా చూశాను, ఇక్కడే ఉంది. ఇవి కొత్తవి, మెరుస్తున్నాయి చూడండి. వీధి చివర ఇనుప కొట్లోవి. ఎవరు మారుస్తారు వీటిని? తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన తప్ప ఇంకొకరు వేలు పెట్టరు, నేను పెట్టాలన్నా బిస్కెట్ల వంక పెట్టాల్సొచ్చింది. ఆయన తప్ప...

ఓహో.

ఒక్క క్షణం ఆగండి. ఏం లేదు, టార్చి వెలుగు కంట్లో పడింది.

అంటే ఆయనకీ భయమేనన్నమాట. నాతో అనలేదే. ఒక్కడే వచ్చి, మా యమధర్మరాజు గారికి కనపడేట్టు, సరిగ్గా మీరు టార్చి వేసే చోట మార్చి పెట్టాడు. నిన్న ఆ కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నాడనుకున్నాను. ఇదన్నమాట చూస్తున్నది. చూడండి, ఎంత గట్టిగా బిగించాడో దొంగమొహం.

అడగనండీ. ఎందుకు అడుగుతాను? ఒకే మంచం మీద ఇన్నేళ్ళు పడుకుని, ఈ మాత్రం దాచుకోనివ్వకపోతే ఎలా.

గేటు చప్పుడు. వచ్చేశాడు. జరగండి, జరగండి, గుండు అసలుది బిగించేస్తాను. తిప్పడమేగా, అర నిమిషం. వద్దండీ, ఇది రాయకండి మీ కాగితంలో. ఈ ఏడాదికి ఆయన స్క్రూలు చాలు. ఇది వచ్చే ఏడాదికి దాచుకుంటాను.

రా, రా ఎవాజియో. బిస్కెట్లు వేడివేనా? ఇలా కూర్చో ముందు. ఏం లేదులే, కంగారుపడకు. ఇంజినీరు గారు ఏవో స్క్రూలు కొత్తవంటున్నారు. బిళ్ళ ఈసారికి లేదట, వచ్చే వసంతం దాకా ఆగాలట.

చూశారా ఇంజినీరు గారూ, ఎంత కుంగిపోయాడో పాపం. బిస్కెట్లు మొత్తం తనే తినేస్తున్నాడు.