ఎవరూ గుర్తుపట్టని చెప్పులు కుట్టిన సామ్సన్ గారు

శ్రీ కె. సామ్సన్ గారు 1991 జూన్ 17వ తేదీన ఆదోని కుష్ఠు నివారణ విభాగంలో పాదరక్షల తయారీ నిపుణులుగా బాధ్యతలు స్వీకరించారు. ఎమ్మిగనూరులో తరతరాలుగా తోలుపని చేసిన కుటుంబం వారిది. కొడుకైనా ఆ పని నుంచి బయటపడాలని పట్టుబట్టి చదివించిన తండ్రి ఏసన్న గారు, మొదటి నెలలోనే విభాగాన్ని చూడవచ్చి, గడపలోనే నిలబడిపోయారు.

"సర్కారు నౌకరంటే కుర్సీలో కూసోని రాసేదనుకొంటి గదప్పా. ఈడ గూడా తోలు కుట్టే ఆరె, దారమేనా?"

"ఈడ కుట్టే సెప్పు మనిసి కాలు నిలబెడ్తాది నాయనా" అన్నారు సామ్సన్ గారు. ఏసన్న గారు ఆ పూట అన్నం ముట్టకుండానే బస్సెక్కారు.

జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ద్వారా బహుళ ఔషధ చికిత్స పల్లెపల్లెకూ చేరుతున్న కాలమది. మాత్రలు రోగక్రిములను హరించేవే కానీ, అప్పటికే మొద్దుబారిన అరికాలికి స్పర్శను తిరిగి తేలేకపోయేవి. ముల్లు దిగినా, నిప్పు సోకినా తెలియని ఆ పాదాలకు, మేకు అన్నది వాడకుండా, మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు కుట్టడం సామ్సన్ గారి విధి. శిబిరం ఎక్కడ జరిగినా మూట భుజాన వేసుకుని వెళ్ళి, ప్రతి పాదాన్నీ ఒడిలో పెట్టుకుని కొలత తీసుకునేవారు.

హాలహర్వి దగ్గరి పల్లెలో ఒక కూలి మహిళ ఉండేవారు. అసలు పేరు వేరే గానీ, సిద్దమ్మ గారనుకుందాం. చికిత్స ముగిసి, వ్యాధి నయమై చాలా ఏళ్ళయినా, ఆమె వట్టికాళ్ళతోనే పత్తిచేలకు వెళ్ళేవారు. పుండు ఎముక దాకా దిగింది. ఇలాగే నడిస్తే పాదం తీసివేయక తప్పదని వైద్యులు హెచ్చరించారు. సామ్సన్ గారు ఇంటికి వెళ్ళి చూస్తే, తాను కుట్టి ఇచ్చిన చెప్పులు సంచిలో కొత్తవి కొత్తగానే ఉన్నాయి.

"యెందుకమ్మా ఏసుకోలేదు?"

"నల్లపట్టీ, ఇంత మందాన దప్పం అట్ట. ఈటిని సూస్తానే పెద్దరోగమోళ్ళ సెప్పులని సిన్నపిల్లోళ్ళు గూడా సెప్తారప్పా. ఇంక కూలికి యెవురు పిలుస్తారు? కాలు పోతే నా ఒగదాందే పోతాది. కూలి పోతే ఇంట్లో అందరి కడుపులూ ఎండుతాయి."

కాలిని కాపాడే ఆ చెప్పులే మనిషిని పట్టిస్తున్నాయని సామ్సన్ గారికి అప్పుడే తెలిసింది. మరునాడు ఆదోని బజారులో పూలపట్టీల ఆడవారి చెప్పులు కొని, కుట్లు విప్పి, లోపల రబ్బరు అట్ట అమర్చి, దాని అంచు కనబడకుండా అదే రంగు తోలు చుట్టారు. నాటి అధికారి అంగీకరించలేదు. "నమూనా మార్చే అధికారం మనకెక్కడిదయ్యా?" అన్నారు. వాదించకుండా వారం రోజులు గడువడిగిన సామ్సన్ గారు, ఆ జతను భార్య సుగుణమ్మ గారికి తొడిగించి రోజూ బజారుకు పంపించారు.

వారం తిరగకముందే సుగుణమ్మ గారు నేరుగా కార్యాలయానికే వచ్చారు. "గాజులంగడి పర్వీను పట్టుకొనింది సార్. అక్కా, సెప్పులు బలే ఉండాయే, యాడ కొంటివి, నాకూ ఒగ జత తెప్పియ్యి అంటాంది. యేమని సెప్పల్ల?"

అధికారి పకపకా నవ్వి, అనుమతి పత్రంపై సంతకం చేశారు. సిద్దమ్మ గారు ఆ చెప్పులు తొడుక్కున్నారు. ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. కొన్ని నెలలకు పుండు మానింది, పాదం నిలిచింది. ఆ తరువాతి శిబిరాలలో మహిళలు తమకు ఏ రంగు కావాలో చెప్పి మరీ కుట్టించుకోసాగారు.

2005లో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని దేశం ప్రకటించుకున్నాక, విభాగం సాధారణ ఆరోగ్య సేవలలో కలిసిపోయింది. సహచరులు తలొక చోటికి బదిలీ అయ్యారు. సామ్సన్ గారికి పోలియో చుక్కల పని, మందుల గది పని అప్పగించారు. ఆ పనులన్నీ లోటు లేకుండా నిర్వర్తిస్తూనే, కొత్త కేసులు ఇంకా వస్తున్నాయని ఎరిగిన ఆయన, ప్రతి మంగళవారం మాత్రం ఆరె చేతపట్టి కూర్చునేవారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సామ్సన్ గారు, ఇకపై గూడూరులో కుమార్తె పల్లవి ఇంట శేషజీవితం గడపనున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా నేలమీద కూర్చుని అరిగిన ఆ మోకాళ్ళకు ఇకనైనా విశ్రాంతి దొరకాలని, సుగుణమ్మ గారితో కలిసి ఆయన నిండు ఆరోగ్యంతో ఉండాలని సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము. ఈ సీమలో ఏ పాదానికీ అటువంటి చెప్పు అవసరం లేని రోజొకటి వచ్చి తీరుతుంది. ఆ రోజును కళ్ళారా చూసేటంత దీర్ఘాయువు ఆయనకు కలగాలి.