ఎవరూ వేయని గడియ

మేజిస్ట్రేట్ గారి ఎదుట, 24 మే 2023, బుధవారం, ఉదయం 11 గంటల 10 నిమిషాలకు చెప్పినది.

నా పేరు పరశురాములు. తండ్రి పేరు మైసయ్య. వయసు నలభై ఏడు. కొత్తకోటలో హైవే పక్కన వెల్డింగ్ షెడ్డు నడుపుతాను. ఇరవై రెండేళ్లుగా గొర్రెలను తోలే బండ్లకు వెనక డబ్బాలు కడుతున్నాను. నన్నెవరూ పిలిపించలేదు, నేనే వచ్చాను. ప్రేమ్‌సాగర్ అనే ఆయన్ని బండిలో పెట్టి, బయట గడియ వేసి చంపాడని గొర్రెల కాపరి ఐలేశంను పట్టుకున్నారు. ఐలేశం ఆ గడియ వేయలేదు. ఆ గడియ పడడానికి మనిషి అక్కర్లేదు. అది చెప్పడానికే వచ్చాను.

ప్రేమ్‌సాగర్ మార్చి 27న, సోమవారం, పొద్దున పదిన్నరకు మొదటిసారి నా షెడ్డుకు వచ్చాడు. చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌నని చెప్పాడు. పాతదే గానీ గట్టి బండి తెచ్చాడు. తెల్లది, ఫోర్ వీల్ డ్రైవ్.

"అన్నా, రోడ్డు లేని జాగల తిరగాలె. వారం రోజులు ఎవ్వల మొఖం సూడొద్దు. వండుకునుడు, పండుడు అంత బండిలనే" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా బాపు గొర్రెల వెంట ఏటా ఆరు నెలలు అలాగే తిరిగేవాడు. దానికి టూరు అని ఎవరూ పేరు పెట్టలేదు. ఆ మాటే అంటే ప్రేమ్‌సాగర్ కూడా నవ్వాడు. మంచి మనిషి. బేరం ఆడలేదు, టీ తాగితే గ్లాసు తనే కడిగి పెట్టేవాడు.

పని ఐదు వారాలు పట్టింది. పైన సామాను క్యారియర్, ఎక్కడానికి నిచ్చెన. వాగులో దిగినా ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా అద్దం పక్కనుంచి పైకి లేపిన గాలి గొట్టం. ముందర ఇనుప బంపరు, దిగబడితే లాగే వించి. లైట్లకు రెండో బ్యాటరీ, కింద అరవై లీటర్ల నీళ్ల ట్యాంకు. వెనక డబ్బాలో చెక్క మంచం, లాగితే బయటికొచ్చే పొయ్యి. దుమ్ము రావద్దన్నాడని డ్రైవర్ సీటు వెనక రేకు గోడ కట్టాను. కిటికీలు రెండు, పళ్లెమంతవి, ఇనుప జాలీ వేసి. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ బండిని చూసి మురిసిపోయాను. రెండు రోజులు కావాలనే షెడ్డు బయట నిలబెట్టాను, వచ్చేపోయేవాళ్లు చూడాలని.

వెనక తలుపుకు నేను జారుగడియ పెట్టాను. గొర్రెల బండ్లకు పెట్టేది అదే. ఒక ఇనుప పట్టీ, ఒక కొక్కెం. కాపరికి రెండు చేతుల్లోనూ గొర్రెపిల్లలుంటాయి కాబట్టి తలుపును భుజంతో నెడతాడు, పట్టీ దానంతట అది జారి కొక్కెంలో పడుతుంది. తీయాలంటే బయటినుంచి ఎత్తాలి. లోపల పిడి ఉండదు. గొర్రెకు పిడితో పనేముంది? ఇది మనిషి పడుకునే డబ్బా అని నా తలకు తెలుసు, నా చేతులకు తెలియలేదు.

మే 3న బండి అప్పగించాను. మే 13న, శనివారం, సాయంత్రం నాలుగింటికి ఆయన హైవే మీద హారన్ కొట్టుకుంటూ పోయాడు. ఒక్కడే ఉన్నాడు. ఆపలేదు. నేనూ ఆపలేదు. చెయ్యి ఊపాను.

తర్వాత జరిగింది నాకు ఐలేశం భార్య గుర్వమ్మ చెప్పింది. మే 19న, శుక్రవారం, పొద్దున తొమ్మిదింటికి ఆమె నా షెడ్డుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"గా తెల్ల బండి గడియ నీ చేతిదే గదనే అన్నా? మా బండికి సుత గదే ఉన్నది" అన్నది. ఔనన్నాను.

"మా ఆయిన ఆదివారం పగటీలి పన్నెండున్నరకు గొర్లను కొల్లాపూర్ అవుతల, కృష్ణ ఒడ్డు గుట్టలకాడికి తోలుకపోయిండు. గొర్లు పొయ్యి గా బండి ఎనక బారు కట్టి నిలవడ్డయంట. లోడు జేసేటప్పుడు నిలవడ్డట్టు. కొట్టినా కదల్లేవంట. లోపట్నించి దడదడ సప్పుడు. అరుపు సుత ఇనొచ్చిందంట గని, మాట తెల్వలేదు. గడియ జూస్తే బయట పడే ఉన్నది. బయట గడియ పడ్డంక లోపట మనిషెట్లుంటడే? మనిషి గాదనుకున్నడు. సుడిగాలి లేస్తుండె, మిట్టమధ్యాన్నం. పానం అరచేతుల వెట్టుకొని ఉరికిండు."

గొర్రెలు మాత్రం వెంటనే రాలేదట. తలుపు వైపు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాయట.

ఐలేశం అదే రోజు, మే 14న, సాయంత్రం ఐదింటికి ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లి, తనే గడియ ఎత్తాడు. అతని వేలిముద్రలు అందుకే ఉన్నాయి. మధ్యాహ్నం అక్కడికి వెళ్లానని కూడా దాచకుండా తనే చెప్పాడు. రెండు, మూడు గంటల మధ్య వడదెబ్బతో ప్రాణం పోయిందని డాక్టర్ రాశాడు. అంటే పన్నెండున్నరకు ప్రేమ్‌సాగర్ బతికే ఉన్నాడు. మా కులవృత్తిలో ఆ గడియ వెనక గొర్రెలే ఉంటాయి, మనిషి ఉండడు. అది తెలిసినవాడు కాబట్టే ఐలేశం పారిపోయాడు. ఆ గడియ గురించి తెలియనివాడైతే తీసి చూసేవాడు.

గుర్వమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు, మే 20న, అదే పన్నెండున్నరకు, షెడ్డులో తయారై ఉన్న గొర్రెల డబ్బాలో నేను కూర్చున్నాను. అది కూడా అంతే కొలత. తలుపు నెట్టి పావుగంట తర్వాత తీయమని నా భార్య నాగరాణికి చెప్పాను. గడియ పడింది. లోపల రేకు వాసన. వీపు ఆనించలేకపోయాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా తట్టలేదు. నోరు తెరవలేదు. చుట్టూ ఏ చప్పుడూ లేదు. బయట లారీల చప్పుడు కూడా వినబడలేదు.

ఎనిమిదో నిమిషంలోనే నాగరాణి తలుపు తీసింది. ఏడుస్తోంది.

"గట్ల కొడ్తవేందయ్యా రెండు చేతుల్తోని? తీస్తున్న తీస్తున్న అని మొత్తుకుంటున్న, ఇనవేంది?" అన్నది.

పక్కన పంక్చర్ షాపు వెంకటేశ్ కూడా ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. డబ్బా పగులుతుందనుకున్నానన్నాడు. నేను కొట్టలేదని చెప్తే ఇద్దరూ నా చేతుల వైపు చూశారు. నేనూ చూసుకున్నాను. నేను కొట్టలేదు. నేను కొట్టలేదు సార్. ఆ రోజే షెడ్డులో ఉన్న తలుపులన్నీ ఊడదీసి నేల మీద పరిచాను. అయినా పగటిపూట అక్కడ ఒక్కణ్ణే ఉండాలంటే భయంగా ఉంది. ఇది కేసుకు పనికిరాదని తెలుసు. జరిగింది చెప్పమన్నారు కాబట్టి చెప్పాను.

గడియ దానంతట అదే పడుతుందని చనిపోయిన ఆయనకు తెలుసా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు.

తెలుసు. మే 7న, ఆదివారం, 11 గంటల 40 నిమిషాలకు ఆయన నాకు ఫోన్ చేశాడు. యాభై రెండు సెకన్లు మాట్లాడాము. ఆ యాభై రెండు సెకన్లలో ఏం మాట్లాడుకున్నామో ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

"అన్నా, కోస్గి దిక్కు వచ్చినం. గాలికి తలుపు పడి నన్ను లోపలేసింది. మా ఆమె బయట ఉండవట్టి తీసింది. లోపట ఒక పిడి పెట్టియ్యరాదు?" అన్నాడు.

నా చేతిలో నాలుగు గొర్రెల బండ్లున్నాయి. చిరాకు పడ్డాను. "గీ వారం తీరది తమ్మీ. పిడికేమున్నది, అర్ధగంట పని. అప్పటిదాంక తలుపు సందుల చెప్పు పెట్టుకో" అన్నాను. సరే అన్నా అని ఫోన్ పెట్టేశాడు.

పంచనామాలో రాశారు: ఫోన్ ముందు డ్రైవర్ సీటు మీద ఉంది, వెనక తలుపు కింద నేల మీద ఎడమకాలి చెప్పు ఒకటి, అంచు నలిగి ఉంది, కుడికాలిది లోపల మంచం కింద. పెనుగులాటలో చెప్పు జారిపోయి ఉంటుందని ఐలేశం మీద రాశారు. పెనుగులాట జరగలేదు. గాలికి తలుపు ఆడి చెప్పు జారిపోయింది. ఆయన నేను చెప్పినట్టే చేశాడు.

గుమాస్తా గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. అన్నీ నా మాటలే. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ చూపలేదు. అర్ధగంట పని అన్న మాట ఉంచాలా తీసేయాలా అని అడిగారు. ఉంచమన్నాను. ఐలేశంను ఇంటికి పంపండి.

(సంతకం) పరశురాములు