సుంకప్ప ఫోను మార్చిన రోజు

సుంకప్ప అబద్ధాలు చెప్తాడని కోసిగిలో ఎవరూ అనరు. సుంకప్ప చెప్తాడు అంటారు, అంతే. మిగతాది వినేవాళ్లకు తెలుసు.

వానలు మొహం చాటేసిన ఏడాది, కోతలున్న ఊళ్లకు కూలికి పోవడాన్ని మా దిక్కు సుగ్గికి పోవడం అంటాం. గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపడానికి ఇరవై రెండు మందిని కూడగట్టుకుని పోయే మేస్త్రీ సుంకప్ప. వాళ్లను తీసుకుపోయి దించే బండి నాది. ఎల్లుండి కదలాలి. ఆ పొద్దున ఇద్దరం గోపన్న టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చున్నాం. పక్కన రంగన్న బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. మా వెనక, రోడ్డుకు అవతల, వీరభద్ర క్షవరం షాపు ముందు చిన్నపిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. సుగ్గికి ముందు వారం అతనికి ఊపిరి సలపదు.

ఆ షాపును ఆనుకునే ప్రవీణ్ సెల్‌ఫోన్ల అంగడి. సుంకప్ప అప్పుడే అక్కడినుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. దీనికి కాలం చెల్లిపోయింది, ఇంకెప్పుడు మారుస్తావు మామా అని ప్రవీణ్ అడిగాడంట. అడగడం కొత్త కాదు, మూడేళ్లుగా అడుగుతున్నాడు. అయితే ఈసారి ఆ మాట ఊరంతా అంటోంది. ఎందుకంటే సుగ్గికి పోయేవాళ్లు ఇంట్లో ఉన్న పెద్ద ఫోను పిల్లల దగ్గర వదిలి, తాము బటన్ ఫోను పట్టుకుపోతారు. మూడు నెలలు పిల్లల మొహం చూడాలంటే అక్కడ అందరికీ సుంకప్ప ఫోనే దిక్కు.

గుడ్డ సంచిలో చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసిన ఆ ఫోనును తొడ మీద పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మార్చాలంటప్పా. చొక్కా మార్చినట్ల మార్చాలంట. గోపన్నా, నువ్వే చెప్పు. నాలుగేండ్ల కింద మిరప చేన్లో నీకు పాము కరిచినప్పుడు నూటా ఎనిమిదికి కొట్టింది ఏ ఫోను?"

"ఇదే సుంకప్పా," అన్నాడు గోపన్న టీ వడగడుతూ.

అది మాత్రం నిజం. గోపన్న ఆ రోజు చచ్చి బతికాడు. ఇప్పుడు కాలు కాస్త ఈడుస్తాడు. సుగ్గి మానేసి ఈ అంగడి పెట్టుకున్నాడు. సుంకప్ప వచ్చి కూర్చుంటే అడగకుండానే టీ ముందుకొస్తుంది.

"విన్యారా? అయితే అసలు సంగతి గోపన్నకే తెల్దు. ఆయప్ప కండ్లు తేలేసి పడుండాడు గదా. నేను ఫోను తీసినా, చేతులు వణుకుతాండాయి, ఒక్క అంకె కూడా కనపడల్యా. ఈ ఫోనే తనంతట తాను నొక్కుకున్యాది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? అంబులెన్సు వచ్చి నిలబడేసరికి పాము ఇంకా గోపన్న కాలు ఇడిసిపెట్టల్యా. అంత బిరీన వచ్చింది. నర్సమ్మ దిగి, పామును చూసి, రోంత పక్కకు జరుగప్పా అనింది."

"పామునా?" అన్నాడు రంగన్న, నోట్లో ఉగ్గాని అట్లే పెట్టుకుని.

"మల్ల? దారికి అడ్డముంటే ఎవురినైనా అంటారు. అదీ మర్యాదగా జరిగింది. సరే, అది పోనీ. ఆ మరుసటేడు కల్లంలో మిరపకాయలు ఆరబోసినాం గదా, ఫోను జారి ఆ రాశిలో పడిపోయింది. ఎతికినాం, దొరకల్యా. పదకొండు దినాలు. మీ ఫోనులైతే మంటకే సస్తాయి. పన్నెండో దినం మన కూలోళ్లలో మద్దమ్మ తన బటన్ ఫోనుతో రింగు కొట్టింది. రాశి లోపలినుంచి పలికింది. తీసి చెవికి పెట్టుకుంటే, హలో అనేదానికి ముందర గట్టిగా తుమ్మింది."

"ఎవురు, మద్దమ్మనా?" అన్నాడు రంగన్న.

"ఫోను తుమ్మిందప్పా. పదకొండు దినాలు కారంలో ఉంటే నువ్వు తుమ్మవా? నేను తుడిచి, గుక్కెడు మజ్జిగ చూపించినా. సర్దుకుండాది."

గోపన్న నవ్వు ఆపుకుంటూ గ్లాసులు కడుగుతున్నాడు. ఆ రోజు బండితో నేనూ కల్లంలోనే ఉన్నాను, ఆ ఫోను రాశిలో ఉన్నది ఒక్క పూట. దొరికిన తర్వాత తుమ్మింది మేమందరమూ.

"ఇంగ దాని టార్చి సంగతి చెప్తే నమ్మరు," అన్నాడు సుంకప్ప. నమ్మమని అతనికీ తెలుసు, అయినా ఆగలేదు. "ఒక దినం పొద్దు మునిగినాక, సంచులు లెక్క చూద్దామని టార్చి ఏసినా. చేనంతా తెల్లగైపోయింది. ఆడోళ్లు మద్యానమైందనుకొని రొట్టె మూటలు ఇప్పి తింటాండారు. కోళ్లు కూస్తాండాయి. ఆ ఎలుతురు చూసి ఓర్వకల్లులో దిగాల్సిన ఇమానం మా దిక్కు తిరుక్కున్యాది. పైలెట్టు తల బయటికి పెట్టి, ఏమప్పా ఇది ఓర్వకల్లేనా అన్యాడు. కాదు సామీ, ఎనక్కి పో, డోన్ కాడ కుడిచెయ్యి పక్క తిరుగు అని నేనే దారి చెప్పినా."

"డోన్ దాకా ఏంటికి? నంద్యాల మీద పోతే దగ్గర గదా," అన్నాడు రంగన్న.

సుంకప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. "అప్పుడు నంద్యాల రోడ్డు బాగలేకుండ్య," అన్నాడు.

ఇంక అతన్ని పట్టలేకపోయాం. ఆ చేలల్లో సిగ్నల్ ఉండదట. అందరూ గుట్టెక్కి ఫోన్లు ఎత్తి పట్టుకుని తిరుగుతుంటే, సుంకప్ప మాత్రం పొయ్యి దగ్గర కూర్చునే మాట్లాడేవాడట. ఒక రోజు టవరు మనుషులు నలుగురు జీపేసుకుని వెతుక్కుంటూ వచ్చారట. మీ ఫోనుకు సిగ్నల్ ఇచ్చేది మా టవరు కాదు, మా టవరే మీ ఫోను దగ్గర సిగ్నల్ తీసుకుంటా ఉండాది, దయచేసి రాత్రిళ్లు ఆపకండి, మూడు మండలాలు ఆగిపోతాయి అని బతిమాలారట. వాళ్లకు సుంకప్ప అభయమిచ్చి, తలా ఒక రొట్టె పెట్టి పంపాడట.

"పోయినేడు మనకు వాన ఎట్ల పడిందో తెల్సా మీకు?" అన్నాడు, గ్లాసు కింద పెట్టి. గొంతు తగ్గించాడు. "గుంటూరు మీద మంచి నల్ల మబ్బు పట్టింది. మన ఊరి మీద ఎండ మండతాండాదని నాకు కడుపు తరుక్కుపోయింది. ఫోను తీసి మబ్బును ఫోటో కొట్టి, మన ఊరోళ్లందరికీ వాట్సాపులో పంపినా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఎవురి ఫోనులో ఫోటో తెరుచుకున్యాదో వాళ్ల చేనిలో వాన పడింది. పదును వాన. రంగన్న చేను ఒక్కటే ఎండిపోయింది. ఏంటికి? ఆయప్ప ఫోనులో నెట్టు లేదు."

రంగన్న ఉగ్గాని పొట్లం పక్కన పెట్టేశాడు. "రీచార్జి చేసుకోల్యాకపోతినే," అన్నాడు, నిజంగానే బాధపడుతున్నట్టు. పోయినేడు అతని కంది అంతా పోయింది. దాన్ని తలచుకుని మేము నవ్వగలిగింది ఆ పొద్దునే.

అప్పటికి శివలీల వచ్చి నా పక్కన నిలబడి ఉంది. బండి ఎన్ని గంటలకు అని అడగడానికి వచ్చింది. నేను చెప్పాను, అయినా కదల్లేదు, సుంకప్పనే వింటోంది. పోయినేడు భార్యాభర్తలిద్దరూ మా బండిలోనే సుగ్గికి వచ్చారు. నాలుగేళ్ల కూతురు యామినిని అవ్వ దగ్గర వదిలారు. ఈసారీ అంతే. ఆ పిల్ల ఇప్పుడు తల్లి కొంగు తల మీదికి లాక్కుని ఆడుకుంటోంది.

"ఇదంతా ఒక ఎత్తు," అన్నాడు సుంకప్ప. గుడ్డ సంచిని అరచేత్తో నిమిరాడు, గొంతు మెత్తబడింది. "సాయంత్రమైతే ఆడోళ్లంతా చేతులు కడుక్కొని వరసగా నిలబడతారు. ఫోను ఎనక కన్ను వాళ్ల దిక్కు తిప్పుతా. ఊర్లో పిల్లోళ్లకు అమ్మలు కనపడతారు. అద్దం నా దిక్కు ఉంటాది, నాకు పిల్లోళ్లు కనపడతారు. చూసి చూసినట్ల చెప్తా. ఈ ఫోనులో ఎట్ల కనపడతాదనుకున్యారు? కన్నీళ్లు తుడిస్తే ఏలు తడైతాది. ఊర్లో వాళ్లు రొట్టె కాలుస్తాంటే అద్దానికి ఆవిరి పడతాది. దీని మేలు నేను మర్చిపోలేనప్పా. గోపన్నను నిలబెట్టింది, ఇంతమంది తల్లులకు బిడ్డల్ని చూపించింది. చాలు మేస్త్రీ, నాకు చాలు అని అదే చెప్పాల, అప్పుడు మారుస్తా. ప్రవీణ్ చెప్తే కాదు."

చివరి మాటల్లో కోతలు లేవు. గోపన్న అతని గ్లాసు మళ్లీ నింపాడు.

"మామా," అంది శివలీల, "పోయినేడు నా బిడ్డ నీకు ఎట్ల కనపడ్య?"

"నీకు చెప్పినా గదమ్మా. రెండు జడలు. ఎర్ర రిబ్బన్లు. ఒక దినం కనకాంబరాలు కూడా పెట్టినారు."

"మద్దమ్మ మనవరాలు?"

"ఆ పిల్లకు ఒకటే జడ, బారెడు. అందరికీ చెప్పినా గదా దినామూ."

శివలీల కూతురి తల మీది కొంగు తీసింది. నున్నని గుండు, ఇంకా తడి ఆరని గంధం.

"సుగ్గికి పోయే ముందర మేం పిల్లోళ్లకు గుండు గీయించి పోతాం మామా. అమ్మ లేని మూడు నెలలు ఎవురు దువ్వుతారు, పేన్లు ఎవురు చూస్తారు? అవ్వోళ్లకు కండ్లు ఆనవు. పోయినేడూ అంతే. మన బండిలో వచ్చినోళ్ల పిల్లల్లో ఒక్కరికీ నెత్తిన ఎంటిక లేదు. నువ్వు అందరికీ జడలు ఏసినావు."

రంగన్న ముందు నవ్వాడు, తర్వాత గోపన్న, తర్వాత నేను. సుంకప్ప ఒక్కడే నవ్వలేదు. మెల్లగా వెనక్కి తిరిగి రోడ్డుకు అవతల చూశాడు. వీరభద్ర కుర్చీలో ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. వెనక ఇంకో ఏడెనిమిది మంది. పెళ్లాం పిల్లలు లేని మనిషి, పన్నెండేళ్లుగా ఈ సుగ్గి నడుపుతూ, ఈ వారం ఆ బారు ఎందుకుంటుందో ఒక్కసారి కూడా అడిగినవాడు కాదు.

మా నవ్వు ఆగిపోయింది. సుంకప్ప రబ్బరు బ్యాండ్లు తీసి, సంచి విప్పి ఫోను బయటపెట్టాడు. మీట నొక్కాడు. చిన్నగా మోగింది కానీ అద్దం నల్లగానే ఉంది.

"పోయినేడు సుగ్గిలో దిగిన దినమే బొమ్మ పోయింది," అన్నాడు. "అంతకు ముందర ఫోను ఆడోళ్ల చేతికే ఇస్తాంటి, ఆ తర్వాత నేనే తడుముకొని ఎత్తుతాంటి. మాట వస్తాది, అవతలోళ్లకు మీరు కనపడతారు, నాకు ఈడ చీకటి. పొద్దంతా వంగి తెంపి, ఏళ్లు మండతాంటే వచ్చి నిలబడతాండారు. ఏమీ కనపడల్యా పోండి అని ఎట్ల చెప్పేది? ఆడపిల్లలు గదా అని నోటికి జడలొచ్చినాయి."

"తెల్సు మామా. మొదటి దినమే తెలిసింది. నేను అడగబోతే మద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది." శివలీల గొంతు ఎక్కడా హెచ్చలేదు. "పొయ్యి కాడ కూచొని నీ జడలే చెప్పుకుంటాంటిమి. రేపు పెరిగినాక అట్లనే ఏస్తామని. ఆ మూడు నెలలు నువ్వు మమ్మల్ని నవ్వించి పని చేయిచ్చినావు. పిల్లోళ్లకు మేం కనపడినామంటే నీ చలవే. నీ మేలు మేమెవురం మర్చిపోం."

సుంకప్ప తల ఊపాడు.

"కానీ మామా, మూడు నెలలు నా బిడ్డ మొగం నేను చూడల్యా. ఈసారి నాకు జడలొద్దు. గుండే చూపించు."

సుంకప్ప లేచాడు. టీ సగం అట్లే వదిలేసి, రోడ్డు దాటి ప్రవీణ్ అంగడిలోకి పోయాడు. బేరం కూడా ఆడినట్టు లేదు, పావుగంటలో తిరిగొచ్చాడు. ఒక చేతిలో కొత్త ఫోను, ఒక చేతిలో పాతది. పాతదాన్ని ఏం చేయాలో తెలియక అట్లే పట్టుకుని నిలబడితే గోపన్న చెయ్యి చాపాడు. తువ్వాలుతో తుడిచి, చక్కెర డబ్బా పక్కన అలమరలో నిలబెట్టి, "నా పానం నిలబెట్టింది. ఈడనే ఉండనీ," అన్నాడు.

సుంకప్ప బెంచీ మీద కూర్చుని, యామినిని ఎదురుగా నిలబెట్టుకుని ఒక ఫోటో తీశాడు. తీసి, ఫోను పైకెత్తి మా దిక్కు తిరిగాడు.

"ఈ ఫోను ఉండాదే," అని మొదలుపెట్టాడు. రంగన్న ముందుకు వంగాడు.

సుంకప్ప ఆగాడు. ఫోనును శివలీల చేతిలో పెట్టాడు. "నువ్వే చూసి చెప్పమ్మా," అన్నాడు.

శివలీల చాలాసేపు చూసింది. కూతురు పక్కనే నిలబడి ఉన్నా, ఫోటోనే చూసింది.

"గుండు," అంది. "ముందర ఒక పన్ను లేదు. ఎడం చెవి ఎనక గంధం ఆరల్యా."

"ఇంగ?"

"ఇంగేం లేదు మామా. అంతే."

సుంకప్ప ఆ మాటకు ఒక్క మాట కూడా కలపలేదు.