ఇంటర్నెట్ పన్నుతో ఆసుపత్రిని నిలబెట్టిన ఇమామ్ హుస్సేన్ గారు

1999వ సంవత్సరం మార్చి 7వ తేదీన, రాయచోటి నుండి వచ్చిన ముప్పై నాలుగేళ్ళ శ్రీ షేక్ ఇమామ్ హుస్సేన్ గారు, గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లోని మన సంస్థ గిడ్డంగిలో సహాయకులుగా విధుల్లో చేరారు. ఇరవై ఆరు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం, ఈ 2025 మార్చి 31న సజ్జా కార్మిక వసతి పర్యవేక్షకులుగా, అనగా మనమందరం నోరారా పిలుచుకునే 'క్యాంప్ బాస్'గా పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో, వారి సేవలను స్మరించుకునే భాగ్యం ఈ సంచికకు దక్కింది.

గిడ్డంగిలో పదేళ్ళు పనిచేసిన కాలంలో ఒక్క మేకు లెక్క తప్పలేదని నాటి సహోద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009లో సజ్జాకు బదిలీ అయి, పద్దెనిమిది వందల మంది ఉండే వసతికి పెద్దదిక్కయ్యారు. మనిషిని పేరుతో గాక ఊరితో పిలవడం వారి అలవాటు. "ఏమప్పా జగిత్యాల, జ్వరం తగ్గిందా?", "రాజోలమ్మా, మందులొచ్చినాయా?" అని వారు పలకరిస్తుంటే, ఎడారిలో ఉన్న మనిషికి తన ఊరు ఒక్క క్షణం ఎదురొచ్చినట్లుండేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. అది దిగడానికి పాలు లేని ఒక సులేమానీ టీ చాలునన్న రహస్యం వంటశాలలో అందరికీ తెలుసు.

2020లో కరోనా మహమ్మారి విజృంభించినప్పుడు, యాజమాన్యం మన వసతిలో రెండు గదుల ఆసుపత్రినీ, ఒక వ్యానునూ ఏర్పాటు చేసింది. రాజోలు నుండి వచ్చిన నర్సు శ్రీమతి కుసుమకుమారి గారు దాని బాధ్యత స్వీకరించారు. మన వసతికే గాక చుట్టుపక్కల మూడు వసతులకూ ఆ రెండు గదులే దిక్కయ్యాయి. అయితే, ఏరు దాటాక తెప్ప తగలేసినట్లు, 2022 డిసెంబరులో నాటి ముదీర్ గారు, అనగా మేనేజరు గారు, ఇమామ్ హుస్సేన్ గారిని పిలిపించి, "జనవరి ఆఖరుతో ఆసుపత్రి ఖలాస్. నిధులు లేవు" అని సెలవిచ్చారు.

ఆ మాట వారిని నిలువునా కుదిపింది. చక్కెర జబ్బు ఉన్నవారు, పరంజా మీద నుంచి జారినవారు, ఎండదెబ్బకు సొమ్మసిల్లినవారు ఇక ఎవరి గుమ్మం తొక్కాలి? టాక్సీ ఖర్చుకు జడిసి జబ్బును దాచుకునే మనుషులను వారు ముందు పదేళ్ళూ కళ్ళారా చూశారు. ఏడు రోజులు వారి ముఖాన నవ్వు లేదు. ఎనిమిదో రోజు ఉదయం భోజనశాలలో నిలబడి చూస్తే, ప్రతివారి ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో పరోటా కనిపించాయి. అంతే, వారికి ప్రాణం లేచివచ్చింది. వసతి వైఫై వాడకం మీద గంటకు పాతిక ఫిల్సులు, అనగా పావు దిర్హము, పన్ను వేసి, ఆ సొమ్ముతో ఆసుపత్రిని నడిపిస్తామని ముదీర్ గారిని ఒప్పించారు. "రెండు నెలలు చూద్దాం. జనం తిరగబడితే పన్నూ ఖలాస్, ఆసుపత్రీ ఖలాస్" అన్నది ముదీర్ గారి షరతు.

ఇక్కడే మన ఇమామ్ హుస్సేన్ గారు, తమ సర్వీసు మొత్తం మీద చేసిన ఒకే ఒక్క పెద్ద పొరపాటు చేశారు. శుక్రవారం అందరూ ఇంటికి మాట్లాడుకునే రోజు గదా అని దయతలచి, ఆ రోజుకు పన్ను మినహాయించారు. పద్దెనిమిది వందల మందీ వారమంతా ఫోన్లు మూసుకుని, సరిగ్గా జుమ్మా నమాజు అయి, బిర్యానీ తినగానే, ఒక్కపెట్టున వీడియోలు తెరిచారు. వసతి నెట్టు మొత్తం చతికిలబడింది. జగిత్యాలకు చెందిన ఇనుప పనివారు రాజేశ్వర్ గారికి ఆ రోజే బిడ్డ మొదటి పుట్టినరోజు. పుట్టాక ఆ బిడ్డను ఆయన ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఆయన తిన్నగా కార్యాలయానికి వచ్చి ఫోను బల్ల మీద పెట్టారు.

"చూడున్రి సాబ్. నా బిడ్డ కేకు కోస్తుంటే చాకు ఆడ్నే ఆగిపోయింది. దవాఖాన పేరు జెప్పి మా పిల్లల ముఖాలు గూడ గుంజుకుంటరా? రేపు పొద్దుగాల అందరం ముదీర్ కాడికే పోతం."

ఇమామ్ హుస్సేన్ గారు ఆ కదలని బొమ్మ వంక చూస్తూ ఉండిపోయారు. తిరగబడితే ఆసుపత్రి పోతుంది. కాదని గదమాయిస్తే ఈ తండ్రికి అన్యాయం జరుగుతుంది. తమ ముగ్గురు పిల్లలూ వారు ఇక్కడ ఉండగానే అక్కడ ఊళ్ళో పుట్టారు. ఆ బాధ ఒకరు చెబితే తెలుసుకోవలసిన అవసరం వారికి లేదు.

"నాదే తప్పప్పా. ఇంటితో మాట్లాడేదానికి పన్నేసినాను చూడు, అది పాపం. రేప్పొద్దున కాదు, ఇప్పుడే అందరినీ మెస్సు కాడికి రమ్మను" అన్నారు.

అందరూ వచ్చారు, అందరూ మండిపడుతూనే వచ్చారు. ఇమామ్ హుస్సేన్ గారు బల్లెక్కి, ఇంటికి చేసే కాల్స్‌కు ఏ రోజూ పన్ను ఉండదనీ, సినిమాలకూ, క్రికెట్టుకూ, రీల్స్‌కూ మాత్రమే ఉంటుందనీ ప్రకటించారు. నెల నెలా లెక్క రాజేశ్వర్ గారే చూసి అందరికీ చదివి వినిపించాలన్నారు. జనం ఇంకా గొణుగుతూనే ఉన్నారు. అప్పుడు కుసుమకుమారి గారు, పన్ను మొదలైన ఆ రెండు వారాల్లో ఎవరెంత నెట్టు వాడారో తెలిపే కాగితం పైకెత్తారు.

"అందరికంటే ఎక్కువ పన్ను ఎవరికి పడిందో చదవమంటారా అండీ? మన బాసుగారికేనండి. నలభై ఒక్క గంటలు. అన్నీ మేకల సంత వీడియోలేనండి."

అంతే, రేకుల కప్పు ఎగిరిపోయేంత నవ్వు. కార్యాలయ సిబ్బందికి నెట్టు ఉచితమైనా, తనకూ పన్ను వేయమని వారు ముందే రాయించుకున్నారని అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. వారు సిగ్గుపడుతూ, "మంచి పొట్టేలును చూస్తే కన్ను తిప్పుకోలేనప్పా" అన్నారు. పాలకుడు తనకు తాను పన్ను వేసుకుంటే ప్రజ సగం దారి తానే నడిచి వస్తుంది. ఆనాడు ముదీర్ గారి వద్దకు ఎవరూ వెళ్ళలేదు. రెండు నెలల గడువు ముగిసేసరికి ఆసుపత్రి నడవడమే కాదు, వ్యానుకు కొత్త టైర్లు కూడా వచ్చాయి. ఈ రెండేళ్ళలో ఆ గడప తొక్కినవారు తొమ్మిది వేల పైచిలుకు!

ఇక గత వారం జరిగిన సంగతి చెప్పకుండా ఈ అభినందనకు నిండుదనం రాదు. కొత్తగా వచ్చిన ముదీర్ గారు ఎంతో సంతోషించి, ఆసుపత్రి ఖర్చంతా ఇకపై సంస్థే భరిస్తుందనీ, పన్ను ఎత్తివేస్తున్నామనీ చెప్పారు. వెళ్ళిపోతూ ఇంతకంటే మంచి కానుక ఏమివ్వగలనని ఇమామ్ హుస్సేన్ గారు పొంగిపోయి, ఆ సాయంత్రమే భోజనశాలలో ఆ వార్త వినిపించారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. రాజేశ్వర్ గారు లేచి నిలబడ్డారు.

"ఒద్దు సాబ్. ఆల్ల పైసలతోని నడిస్తే ఆల్లు ఎప్పుడైన బంద్ పెడ్తరు, ఒకపారి సూసినం గదా. మా పైసలతోని నడిస్తే అది మాది. కంపెనీ ఇస్తనంటే ఇంకో వ్యాను ఇయ్యమనున్రి. నర్సమ్మ జీతం మాత్రం మేమే ఇస్తం."

చేతులెత్తమంటే భోజనశాలంతా చేతులే. ఆసుపత్రిని ఎలాగైనా నిలపాలని పన్ను వేసిన మనిషి, ఆ పన్నును వదులుకోమంటే వదులుకోని జనాన్ని చూసి, బల్ల మీద కూర్చుండిపోయారు. వారి కళ్ళు చెమర్చడం మనమందరం చూశాం. మన కళ్ళ సంగతి మనకు తెలుసు.

శ్రీ ఇమామ్ హుస్సేన్ గారికీ, ఇన్నేళ్ళూ ఎదురుచూపులతోనే సంసారాన్ని ఈదుకొచ్చిన వారి సతీమణి శ్రీమతి వజీరాబీ గారికీ, సంపూర్ణ ఆరోగ్యంతో, పిల్లాపాపలతో నిండు నూరేళ్ళ జీవితాన్ని ఆ భగవంతుడు ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాం. సజ్జాలోని ఆ రెండు గదుల తలుపులు తెరిచే ఉంచుతామని, మీరు వెళుతున్న ఈ రోజున, మీకు మాట ఇస్తున్నాం.