తేనీగలూ మీ తాత చొక్కా

"అవ్వా, తేనెపెట్టె తెరిచేటప్పుడు ఈ చొక్కా వేసుకోనా? తాతదే, తలుపెనక కొయ్యకి ఉండింది."

పెట్టెయ్ మే దాన్ని. యాడ తీసినావో ఆడే తగిలించి, చేతులు కడుక్కోని రా. సబ్బుతో కడిగినావా? సరే, రా, ఈ మంచం మీద కూచో. ఇప్పుడే తెరిచేది గాదులే. ఇంకా చలి ఇడవలా, మునగాకు మీద మంచు అట్టనే ఉండాది చూడు. ఎండ ఆ గోడ దిగి మన కాళ్ళ కాడికి రావాల. చలిలో మూత తీసినామనుకో, నిద్రపోయేవోడి దుప్పటి లాగినట్టు. లేచి తన్నడా మరి?

ఎండొచ్చే లోపల ఆ చొక్కా సంగతి చెప్తా. మీ నాయనకి గూడా సగమే తెలుసు, మిగతా సగం చెప్తే నవ్వుతాడని చెప్పలా.

మీ తాత పోయింది వానల్లో గదా. నువ్వప్పుడు తడ ఊర్లో ఆ కంపెనీ పనిలో ఉండావు, బస్సులు లేక రెండోనాడు గానీ రాలేకపొయ్యినావు. మూడేళ్ళయింది. కాదు కాదు, మూడు వానలు పొయ్యినాయి, ఇది మూడో చలి. ఆయన పోయేనాటికి దొడ్లో రెండు పెట్టెలు. ఒకటి అదో, ఆ నీళ్ళ దొరువు గట్టున, ఇంకోటి ఇదే, మునగచెట్టు కింద. పెద్దదినం అయిపోయింది, వచ్చినోళ్ళంతా ఎవురిళ్ళకి వాళ్ళు పొయ్యినారు. పెట్టెల్ని మాత్రం ఎవురూ తాకలా. చీమలెక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ చిప్పలుంటాయి గదా, అయ్యి గూడా ఎండిపొయ్యినాయి. నువ్వు పోసుండచ్చు గదవ్వా అంటావు. నేను పోవాల గదా ఆడికి? నలభై ఏళ్ళు నాకు ఆ పెట్టెల కాడికి పోయే ఉత్తర్వు లేదు మే.

ఎందుకంటావా? నా దగ్గర చేపల కంపు కొడతాదంట. తేనీగలకి పడదంట.

దీనికి మూలం ఏందంటే, మీ తాత మొట్టమొదట చేసిన పెట్టె. ఏడ్చినట్టుండింది అది. మా మామ పాత పడవ ఒకటి మైపాడు రేవులో విప్పేసినారు, ఆ చెక్కలు ఊరికే వస్తాయని తెచ్చి పెట్టె కొట్టినాడు. పడవ చెక్కంటే నీకు తెలుసు గదా, ఏటా సొర నూనె పూసి పూసి, లోపలిదాకా ఇంకిపొయ్యుంటాది. ఎండకి పెడితే చెమట పట్టినట్టు నూనె కారేది. ఆ కంపుకి నేనే, పుట్టినప్పటి నుంచీ చేపల్లో బతికినదాన్ని, ముక్కు మూసుకున్నా. అట్టాంటి దాంట్లోకి, పాపం, ముంతమామిడి తోట నించి ఒక తేనెపట్టును తెచ్చి వొదిలినాడు. సందకాడికి ఒక్క ఈగ లేదు. రాణీగ ముందు పొయ్యింది, మిగతాయి దాని యెనక. నేనైనా అంతే చేసుందును.

వేరే ఎవురైనా అయితే చెక్క మార్చేవోళ్ళు. మార్చినాడులే, వేపచెక్కతో చేసినాడు తరవాత. గానీ నెపం మాత్రం నా మీదికి మార్చినాడు. నేను అప్పుడు బుట్ట నెత్తిన పెట్టుకోని ఊళ్ళు తిరిగి చేపలమ్మేదాన్ని గదా, నన్ను చూపించి, నీ చేతులు చూసినా పారిపోతాయి అనేవోడు. అంతటితో పోలా. సంక్రాంతి నెల పట్టిన కాడి నుంచీ శివరాత్రి దాకా ఇంట్లో ఎండుచేప ఉడకగూడదన్నాడు. ఎందుకంటే ఆయన పెట్టెలు చూసేది ఆ రోజుల్లో. వానలు పోయి, చలి తగ్గి, మునగా మామిడీ పూతకొచ్చే యాళ. ఎండునెత్తళ్ళ పులుసు రుచిగా ఉండేది గూడా ఆ రోజుల్లోనే మే. నలభై చలికాలాలు. ఏ యోగి చేసినాడు అట్టాంటి తపస్సు?

నేనూ చెయ్యలేదులే. పక్కింటి రమణమ్మ ఉండాది గదా, నా జతగత్తె, దాని ఇంటికి పొయ్యి తినొచ్చేదాన్ని. కూర గిన్నె మీద మూత తియ్యకముందే కనుక్కునేది, వచ్చినావా ఈగల పెళ్ళామా అనేది. తిని, వక్కాకు నమిలి, ఏం తెలీనట్టు వచ్చి కూచునేదాన్ని. ఈలోపల ఆయన పెట్టె మూసి వస్తాడు. మొకం చూడాల, పనసపండు. ఆ వాపులో ఒక కన్ను ఉండదు. ఆ మిగిలిన కంటితోనే నన్ను చూసి అడుగుతాడు, తిన్న్యావా అని.

తినుంటా గదా మరి. ఏం చెప్పేది?

అందుకే నమ్మినా మే. నేను తిన్న ప్రతి ఏడూ ఆయన్ని కుట్టినాయి. తినని ఏడు ఉంటే గదా తెలిసేది.

పని మాత్రం అంతా తెలుసు నాకు. ఆయన ఆడ మూత తీసి గట్టిగా చెప్తా ఉండేవోడు, నేను గడప కాడ నిలబడి వింటా ఉండేదాన్ని. తట్టి చూడాల, హుమ్మంటే బతికున్నట్టు. ఎత్తి చూడాల, తేలిగ్గా ఉంటే తిండి అయిపొయ్యినట్టు. చట్రం పైకి తీసి ఎండకి పట్టుకుంటే అరల్లో నూకల మాదిరి గుడ్లు కనపడాల, అప్పుడు రాణి ఉన్నట్టు. అంతా చెవులతోనే నేర్చుకున్నా.

ఆయన పోయినాక, ఇదిగో ఇప్పటి మాదిరే, శివరాత్రి ఇంకా పది రోజులుందనంగా మీ నాయనొచ్చి కూచున్నాడు. కోవూరు అవతల మామిడితోట ఆయన ఎవురో పెట్టెలు తీసుకపోతాడంట, ఆదివారం బండి తెస్తాడంట. నువ్వు చెయ్యి పెట్టలేవు గదమ్మా, ఊరికే చచ్చిపోతాయి అన్నాడు. న్యాయమే. సరే అన్నా. నోరు సరే అనింది గానీ కడుపులో మండింది. నాకేమన్నా తేనీగల మీద ప్రేమ కారిపోతా ఉందా? అదేం లేదు. నలభై ఏళ్ళు నా దొడ్లో ఉండి, ఒక్కసారి గూడా నాకు మొకం చూపించకుండా బండెక్కి పోతాయా అని. నేను చెయ్యి పెట్టగలిగినానా, ఉంటాయి. లేదా, ఆదివారం పోతాయి. అంతే అనుకున్నా.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టినా. శీకాయతో మూడుసార్లు పోసుకున్నా. నిమ్మచెక్క పెట్టి గోళ్ళు తోమినా. పెళ్ళికి గూడా అంత శుభ్రంగా కూచోలేదు నేను. పైన ఆయన చొక్కా తొడుక్కున్నా, అదే, నువ్వు ఇందాక తెచ్చిందే. పెట్టె తెరిచేదానికని ఒకే చొక్కా పెట్టుకున్న్యాడు. సబ్బు వాసన ఈగలకి పడదని దాన్ని ఉతకనిచ్చేవోడు గాదు. ఆయన వాసన ఈగలు గుర్తు పడతాయిలే, నన్ను ఆయనే అనుకుంటాయిలే అని నా తెలివి.

పొగకని కొబ్బరి పీచు రాజేసుకోని, ముందు దొరువు గట్టు పెట్టె కాడికి పొయ్యినా. తట్టినా. ఏం లేదు. ఎత్తితే ఖాళీ అగ్గిపెట్టె మాదిరి లేచింది. మూత తీస్తే బూజు, తెల్ల పురుగు, అడుగున గుప్పెడు రెక్కలు. చీమలు బారు కట్టి మోసుకపోతా ఉండాయి. చిప్పలో నీళ్ళు పోసుంటే చాలు. రోజూ ఆ పక్కనే బిందె ముంచుకున్నా గదా, ఒక చెంబెడు. ఏడవలా. మీ తాతని తిట్టినా, తరవాత నన్ను నేను తిట్టుకున్నా.

ఇంక ఇది. తట్టినా, హుమ్మనింది. అబ్బ, ఆ చప్పుడు మే. మెల్లిగా మూత తీసినా. నిమిషం ఉండాయి గమ్మున. ఆ తరవాత లేచినాయి చూడూ, కాలరు మీద, భుజాల మీద, చేతుల మీద. గుడ్డలోంచే కుట్టినాయి. ఎట్ట విప్పినానో తెలీదు, గుండీలు రెండు ఊడిపొయ్యినాయి, చొక్కా పీకి అల్లంత దూరం ఇసకలోకి ఇసిరేసి అరుగెక్కినా. రమణమ్మ గోడ మీదనుంచి చూసి, ఈ వయసులో ఏందే చొక్కా విప్పి పరిగెత్తడం అనింది.

అరుగు మీదనుంచి చూస్తే ఏముండాది? ఈగలు నా యెంట రాలా. ఇసకలో చొక్కా పడుంటే దాన్ని పట్టుకోని కుడతా ఉండాయి. లోపల మనిషి లేడు మే. ఉత్త చొక్కా.

నాకింకా తలకెక్కలా. కుట్టించుకున్నా గదా, ఇంకేం మిగిలిందని రమణమ్మ ఇంటికి పొయ్యి నెత్తళ్ళ పులుసు పోసుకోని రెండు ముద్దలు తిన్నానో లేదో, పెట్టె మూత తెరిచే ఉందని గుర్తొచ్చింది. ఎండలో మైనం కరిగిపోతాదని ఎంగిలి చేత్తోనే పరిగెత్తినా. చెంగుకి తుడుచుకున్నా అంతే. మోచేతి దాకా నెత్తళ్ళ కంపు. మూత పట్టుకున్నా. ఒకటి వచ్చి వేలి మీద వాలింది. రెండోది. గాజు దాకా నడిచినాయి, మళ్ళీ యెనక్కి పొయ్యినాయి. ఒక్కటి గూడా కుట్టలా. చట్రం ఎత్తి ఎండకి పట్టుకున్నా. అడుగడుగునా నూకలు. రాణి ఉండాది.

ఆడే నిలబడి నవ్వినా. ఆ తరవాత ఏందో, నవ్వు ఆగలా.

ఆదివారం మామిడితోట ఆయన వచ్చి, నా చేతికి దద్దుర్లు చూసి, చొక్కా చూసినాడు. ఎన్నాళ్ళయిందమ్మా ఇది ఉతికి అన్నాడు. కొన్నప్పటి నుంచీ ఉతకలా అన్నా. తేనీగ కుట్టినప్పుడల్లా ఒక వాసన వొదుల్తాదంట, అది గుడ్డకి పట్టుకుంటాదంట, దాన్ని పసిగట్టి మిగతాయి ఆడికే వస్తాయంట. ఉతికిన చొక్కా వేసుకునుంటే సగం కుట్టేవి గావు అన్నాడు. మీ నాయన పెట్టె ఎత్తబోతే నేను మూత మీద చెయ్యి పెట్టినా. ఇది యాడికీ పోదు, చెయ్యి పెట్టేదానికి నేనుండా అన్నా.

ఆరోజు నా పొయ్యి మీద నెత్తళ్ళు ఉడికినాయి. గిన్నె తీసుకపొయ్యి మీ తాత పటం ముందర పెట్టినా. తిన్న్యావా అని ఇప్పుడు నేనడిగినా.

చొక్కా ఎందుకు ఉతకలేదంటావా? రెండుసార్లు బక్కెట్లో నీళ్ళు పట్టినా మే. నలభై ఏళ్ళు కంపు నాదన్నాడు గదా, అది ఎవురిదో ఇప్పుడు తెలిసింది, ఉండనీ, రోజూ చూస్తా ఉంటా అని... ఏందో. నీళ్ళు చిప్పల్లో పోసి, దాన్ని మళ్ళీ కొయ్యకే తగిలించినా.

అదో, ఎండ నీ కాళ్ళ మీదికి వచ్చేసింది. లే. చెంగు దోపుకో, జుట్టు ముడేసుకో. ఈసారి నువ్వే తట్టు, నువ్వే తియ్యి. చెవి ఆనించు ముందు. హుమ్మంటా ఉండాదా? ఆఁ. చల్లగా ఉండు తల్లీ. నీకొచ్చేవోడు తన చొక్కా తాను ఉతుక్కునేవోడై ఉండాల, అంతకంటే నేను అడగను దేవుడ్ని.