ఆరో సీటుకు మహిధర్ కోతలు

మహిధర్ నోరు విప్పితే ఆగదని మౌంట్ ఆల్బర్ట్‌లో అతన్ని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. అందుకే శనివారం మధ్యాహ్నం నాగమణి ఆంటీ ఇంటి వెనక చెక్క డెక్ మీద అతను కుర్చీ ముందుకు జరుపుకోగానే, సుశీల్ అంకుల్ టీ కప్పు నిండా నింపుకుని వచ్చి మరీ కూర్చున్నాడు.

వీళ్లందరినీ కలిపింది యాష్ ఆర్బిట్ అనే ఆన్‌లైన్ ఆట. ఆరుగురు ఒక జట్టుగా ఏదో గ్రహం మీద దిగి, మైకుల్లో ఒకరినొకరు హెచ్చరించుకుంటూ యంత్రాలను కాల్చాలి. ఏడాదికోసారి ఎక్స్‌పాన్షన్ అని వచ్చి ఆటను తిరగేసి పోతుంది. కొత్త గ్రహాలు, కొత్త ఆయుధాలు, కొత్త రూల్సు. ఈ జట్టుకు కెప్టెన్ నాగమణి ఆంటీ. పగలు డెయిరీ అని పిలిచే కిరాణా కొట్టులో పాలూ బ్రెడ్డూ అమ్మే మనిషి, సాయంత్రం హెడ్‌సెట్ పెట్టిందంటే అందరూ హడల్.

ఆరో ఆటగాడు రవినేశ్ బ్రిస్బేన్‌లో ఉద్యోగం దొరికి జట్టు వదిలాడు. వచ్చే బుధవారం నాలుగో ఎక్స్‌పాన్షన్. ఆ సీటు మహిధర్‌కు కావాలి. అతనిది వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు పని, గదికొస్తే తెలుగు మాట వినబడదు. ఒకప్పుడు ఈ జట్టువాడే, పని ఎక్కువై తప్పుకున్నాడు. ఇప్పుడు ఈ గొంతులు లేక ప్రాణం కొట్టుకుంటోంది. సీటు దక్కందే వెనక్కి పోనని పట్టు పట్టి వచ్చాడు. ఒంటరిగా ఆడుతూనే ఉన్నానని అందరితో అన్నాడు గానీ, ఆట ముట్టుకుని రెండేళ్లయింది.

"పెద్దగ చెప్పుకునే ముచ్చట గాదు గని," అని మెల్లగా మొదలుపెట్టాడు. "మొదటి ఎక్స్‌పాన్షన్‌ల మంచు గ్రహం రాలే? అండ్ల ఒక గేటు కాడ పది సెకన్లు ఒక్కణ్ణే అడ్డం నిలబడ్డ. గంతే."

"పది సెకన్లంటే తక్కువేం కాదు," అన్నాడు సుశీల్ అంకుల్ మర్యాదకు.

ఆ మర్యాదే కొంప ముంచింది.

"సెకన్లు అని తక్కువ జేసి చెప్తున్న అంకుల్, పది నిమిషాలు! నా గుండ్లన్నీ అయిపోయినయి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వాటి గుండ్లే ఏరుకొని వాటినే కొట్టిన. కంపెనోళ్లు పరేషాన్. వీడిట్ల ఆడితే మిగతోళ్లు ఏం ఆడాలె అని, రెండో ఎక్స్‌పాన్షన్‌ల నా తుపాకి బలం సగానికి తగ్గిచ్చిన్రు. అది ఖాస్ నా కోసం తెచ్చిన ఎక్స్‌పాన్షన్."

"నా తుపాకీ కూడా అప్పుడే తగ్గింది," అంది అలేఖ్య, జట్టులో అందరికంటే చిన్నది. "ఆ పాపం నీదా అన్నా?"

"నాదే చెల్లె, మాఫ్ చెయ్యి. అయితే సగం బలంతోటి నేను ఆగుతనా? ఒకనాడు మా దిక్కు గాలికి కరెంటు పోయింది, నెట్టు పోయింది. ఆట మాత్రం ఆగలే."

"నెట్ లేకుండా ఎలా?"

"గదే మరి! సర్వర్ సిడ్నీల ఉంటది. మనం ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ చేరేసరికి ఆలస్యం. అందుకని నేను శత్రువు రాకముందే కాలుస్త. ఆనాడు కరెంటు పోయేటాలకే, తెల్లారి దాక కావలసిన గుండ్లు ముందుగాలనే పంపి పెట్టిన. నేను పండుకున్న, అవి పోయి తగుల్తనే ఉన్నయి."

సుశీల్ అంకుల్‌కు టీ పొలమారింది. అలేఖ్య పడీపడీ నవ్వింది. మహిధర్ కళ్లు మాత్రం ఆంటీ మీదే ఉన్నాయి. ఆవిడ మిర్చి బజ్జీల పళ్లెం కింద పెట్టి, నవ్వకుండా వింటోంది. ఇంకాస్త గట్టిగా కొట్టాలనుకున్నాడు.

"ఇవన్నీ పాతయి. మొన్న గురువారం సంగతి వినుండ్రి. కెల్మా గ్రహం, దాని అడుగున మూడు తలల కాపలా యంత్రం. ఆరుగురు పోతేనే అయ్యే పని, ఒక్కణ్ణే దిగిన. మొదటి తల కొట్టిన. రెండోది భయానికి దానంతట అదే రాలింది. మూడోది ఏం జేసిందో ఎరుకేనా? తెలుగుల మాట్లాడింది! 'అన్నా, దండం పెడత, పిల్లలు గలదాన్ని' అన్నది. జాలిపడి ఇడిశిపెట్టిన."

"ఏనాడు అంటివి?" అంది నాగమణి ఆంటీ.

"మొన్న గురువారం ఆంటీ."

"కెల్మా మీదనే?"

"కెల్మానే. దిగే మెట్ల కాడ ఎర్రలైటు ఉంటది, యాదికున్నదా?"

"యాదికున్నది బిడ్డా. కెల్మాను మూడో ఎక్స్‌పాన్షన్‌ల ఆటలకెల్లి తీసేసిన్రు. ఏడాదైంది. పోదామన్నా తొవ్వ లేదు."

అలేఖ్య నవ్వబోయి, మహిధర్ ముఖం చూసి ఆగిపోయింది. నా దెబ్బకే తీసేసిన్రు అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నవ్వులాటకు ఎన్నన్న కోయి, నేను ఇంకో వాయి బజ్జీలేస్త," అంది ఆంటీ. "గని మైకుల నువ్వు 'ఎడమదిక్కు వస్తున్నయి' అంటే మేం ఐదుగురం ఎడమకే తిరుగుతం. అక్కడ గూడ ఇట్లనే చెప్తే అందరం చస్తం గద?"

మహిధర్‌కు నిజంగానే సిగ్గేసింది. తల ఎత్తకుండా అన్నాడు. "రెండేండ్లాయె ఆంటీ, ముట్టక. మీరెవ్వలు లేకుంట ఆడబుద్ధి గాలే. నాకేం రాదిప్పుడు. గని నేర్చుకుంట. సీటు ఇయ్యకపోయినా నేర్చుకుంట."

ఆంటీ లేచింది. అతన్ని లోపలికి తీసుకెళ్లి, టీవీ పెట్టి, కంట్రోలర్ అతని చేతిలో పెట్టింది.

"బుధవారానికి నాలుగు రోజులున్నయి. మొట్టమొదటి మిషన్ కాడికెల్లి మొదలుపెట్టు. నేను తెర దిక్కు చూడ. ఏం కనబడితే అది చెప్పు."

ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది. తెర మీద తలుపు తెరుచుకుంది.

"ఎన్నున్నయి?"

"ఒక్కటే ఆంటీ. కుడిదిక్కు. చిన్నది."

"మల్ల?"

"నన్ను సంపింది."

"సక్కగ చెప్పినవ్," అంది ఆంటీ. "మల్ల మొదలుపెట్టు."