ఆటుపోట్ల గదిలో దుబాసీ

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూలై ఐదవ తేదీన ఓడరేవు కార్యాలయంలో ప్రోగ్రామరుగా చేరిన ఆ యువతి, మొదటి రోజే కర్తవ్యం మరచి, కిటికీ అవతలి అలలను చూస్తూ స్వప్నావస్థలో కూర్చుండిపోయారట. "చూడమ్మా, బాగా చూడు. మనం లెక్కకట్టేది వాటినే," అన్నారు ఆటుపోట్ల వేళలు ముందే చెప్పే ప్రోగ్రాము రచించిన పెద్దాయన. ఆ క్షణం నుంచి ఆయనే వారికి గురువు. నేడు పదవీ విరమణ చేస్తున్న మన దుబాసీ గారు ఆ యువతే.

పెద్దాయన కన్నుమూసిన కొన్నేళ్లకు అరవై నాలుగు బిట్ల యంత్రాలు వచ్చాయి. ఆయన ప్రోగ్రాము ముప్పై రెండు బిట్లది. మూలప్రతి ఎన్నడో పోయింది గనుక తిరగరాసే దారి లేదు. పాత, కొత్త ప్రోగ్రాములు ఒకే యంత్రంలో పక్కపక్క గదుల్లో కాపురముండగలవు గాని, ఒకే గదిలో ఇమడవు. ఆ రెంటి నడుమ మాటలు మోసేందుకు వారొక చిన్న ప్రోగ్రాము రాసి 'దుబాసీ' అని పిలిస్తే, ఆ పేరు కాస్తా వారికే అంటుకుంది.

అయితే ఆ దుబాసీ పొద్దున చక్కగా పలికి, మధ్యాహ్నానికి తడబడేది. "సోమవారంలోగా కుదరకపోతే పాతదాన్ని తీసేద్దామండీ," అన్నారు డైరెక్టరు గారు. గురువుగారి చేతిపనిలో మిగిలింది అదొక్కటే. దాన్ని తామే తుడిచెయ్యడానికి మనసొప్పక, ఆ చిక్కును వారు ఇంటికీ మోసుకెళ్లారు.

ఆదివారం ఇంట్లో, ఒక చెవి వినబడని అత్తగారు కోడలి పరధ్యానం చూసి నవ్వారు. "నీ మాట నాకు సగమే వినబడుతుందే. మిగతా సగంలో ఏమీ లేదనుకుంటా. పొద్దున ఊఁ, ఆఁ అంటావు గనక సరిపోతుంది. మధ్యాహ్నానికి ఇంత పొడుగు కబుర్లు చెప్తావు, అప్పుడే నా తిప్పలు!"

కోడలు చటుక్కున లేచారు. "అత్తయ్యా, మీ నోట్లో పంచదార పొయ్య!"

జవాబు యంత్రంలో ఏ చోటికి పంపాలో చెబుతూ కొత్త ప్రోగ్రాము ఇచ్చే తిరుగు చిరునామాకు పాతదాని దగ్గర సగం చోటే ఉంది. పొద్దున చిరునామాలు చిన్నవి, ఇమిడేవి. మధ్యాహ్నానికి యంత్రం జ్ఞాపకశక్తి నిండి అవి పెద్దవయ్యేసరికి, పై సగం తెగిపోయి, జవాబు ఎవరింటికో చేరేది. సోమవారం వారు పాతదానికి చిన్న చీటీ నంబరు మాత్రమే ఇచ్చి, పూర్తి చిరునామాను దుబాసీ దగ్గర దాచారు. ఆ మధ్యాహ్నం తెర చెప్పిన నిమిషానికే, కిటికీ కింది మెట్టును పోటునీరు తాకింది. వారు కన్నీళ్లు పెట్టుకున్నారు. మేము చూడనట్టు నటించాము.

ఆ ప్రోగ్రాము నేటికీ నడుస్తోంది. "నేను వెళ్లాక తీసేస్తారా?" అని మొన్న నవ్వుతూనే అడిగారు గాని, ఆ నవ్వు కళ్ల దాకా చేరలేదు. తీసెయ్యమండీ, మాట ఇస్తున్నాం. అత్తగారి కబుర్ల తోడుగా, ఆయురారోగ్యాలతో, అలలను తనివితీరా చూస్తూ నిండు నూరేళ్లు వర్ధిల్లండి. ఎప్పుడైనా మా వైపు మనసు లాగితే ఒక్క చీటీ చాలు. మీ పూర్తి చిరునామా మా దగ్గర భద్రంగా ఉంది.